ఓజోన్ చిల్లు కథలో యాసిడ్ పలుకుల సంగతి వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్‌ని. మీ పేపరు పాతపట్నం మీదుగా పొద్దున్నే మా ఊరు వస్తుంది. ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాది తెలుగే. మా అమ్మాయి బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు అక్షరాలు మాత్రం నేనే మీ పేపరు ముందేసుకుని దిద్దించాను. ఇప్పుడు తొమ్మిదో తరగతి, హెడ్డింగులే కాదు లోపలి పేజీలు కూడా గడగడా చదివేస్తుంది. అందుకని మీరు ఏది వేసినా మా ఇంట్లో అది పాఠం కిందే లెక్క. ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నది కాదు, కానీ ఈ సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

సెప్టెంబరు 16న ఓజోన్ దినం అని మీరు చిన్న వ్యాసం వేశారు. ఫ్రిజ్‌లలోని గ్యాస్ పైకి వెళ్ళి ఓజోన్ పొరకి చిల్లు పెట్టిందని, దానివల్ల అతినీలలోహిత కిరణాలు కిందికి వచ్చేస్తాయని, చర్మ క్యాన్సర్లు వస్తాయని రాశారు. పక్కన అంటార్కిటికా మీద నీలం మచ్చ ఉన్న బొమ్మ. అది చదివి మా అమ్మాయి నా వైపు తిరిగి అడిగింది: "నాన్నా, ఫ్రిజ్‌లు ఉన్నది మన దగ్గర, గ్యాస్ వదిలింది మీరు, మరి చిల్లు మనుషులే లేని చోట ఎందుకు పడింది? మన నెత్తిమీద కదా పడాలి?"

నేను 1993 నుంచి ఈ పనిలో ఉన్నాను, నా దగ్గర జవాబు లేదు. మీ వ్యాసంలోనూ లేదు. మా ఊళ్ళో కెమిస్ట్రీ చెప్పే ఒక మాస్టారి దగ్గరికి నాలుగు సాయంత్రాలు వెళ్ళాను, ఆయన ఇచ్చినవి చదివాను, అర్థం కానిచోట మళ్ళీ అడిగాను. తేలిందేమిటంటే, ఆ చిల్లు అక్కడే పడడానికి కారణం ఆకాశంలో గడ్డకట్టే యాసిడ్ నలుసులు, వాటినే యాసిడ్ పలుకులు అంటున్నాను. మీరు రాసిన మొదటి ముక్కా నిజమే, చివరి ముక్కా నిజమే, మధ్యలో అసలు కీలు మాత్రం లేదు. అది లేకపోతే పిల్లలకి ఇదంతా ఎవరో భయపెట్టడానికి చెప్పిన మాటలా ఉంటుంది, మా మెకానిక్‌లకైతే అసలు నమ్మబుద్ధే కాదు.

ముందు గ్యాస్ సంగతి చెప్పాలి, అది నా చేతుల్లోంచి పోయిన సరుకు. నేను బరంపురంలో ఒక మేస్త్రీ గారి దగ్గర పనికి చేరినప్పుడు ఇంటి ఫ్రిజ్ అంటే ఆర్-12 గ్యాసే. కంప్రెసర్ పోయిన ఫ్రిజ్ వస్తే చార్జింగ్ పైపు కోసేవాళ్ళం, బుస్సుమని గ్యాస్ పోయేది, రాగి పైపు కొసన క్షణంలో తెల్లగా మంచు పట్టేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. వాసన లేదు, దగ్గు రాదు, మంట అంటుకోదు, అందుకని ఎవరికీ భయం లేదు. ఒక్కో ఫ్రిజ్‌లో వంద గ్రాముల దాకా ఉండేది. అన్నేళ్ళలో నేను ఒక్కడినే ఎన్ని ఫ్రిజ్‌లు కోశానో లెక్క పెట్టుకోలేదు.

మేస్త్రీ గారి దగ్గర లీకు పట్టుకునే పాతకాలపు దీపం ఒకటి ఉండేది. హాలైడ్ టార్చ్ అంటారు. చిన్న మంట, మంటలో రాగి బిళ్ళ, పక్కన సన్నటి రబ్బరు గొట్టం. షాపు షట్టరు సగం దించి, చీకట్లో ఆ గొట్టం చివరని అతుకుల వెంబడి మెల్లగా తిప్పుకుంటూ పోయేవారు. గ్యాస్ కారుతున్న చోట నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా ఆకుపచ్చగా మారేది. పచ్చ మంట వస్తే అక్కడ బ్రేజింగ్ వెయ్యాలి, నాకు తెలిసిందల్లా అంతే. అది క్లోరిన్ అని ఇన్నేళ్ళకి ఈ మధ్యే తెలిసింది. మంట వేడికి గ్యాస్ విరిగిపోతుంది, లోపలి క్లోరిన్ బయటపడి రాగిని పట్టుకుంటుంది, పచ్చ రంగు అందుకే. అంటే గట్టి దెబ్బ తగిలితే తప్ప ఆ గ్యాస్ విరగదు. ఆకాశంలో కథంతా ఈ విరగడం మీదే ఉంది.

కింద మన గాలిలో ఆర్-12ని విరిచేది ఏదీ లేదు. వానకి కరగదు, మట్టి పీల్చదు, ఎండకి చెడదు. గాలిలో దాని ఆయుష్షు సుమారు వందేళ్ళు. ఆ లెక్కన నేను 1994లో బరంపురంలో వదిలిన గ్యాస్‌లో దాదాపు ముప్పావు వంతు ఇవాళ్టికీ గాలిలోనే తిరుగుతోంది. ఈ ఒక్క మాట విన్న రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మా వాళ్ళు ఇక్కడే ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. ఈ గ్యాస్ గాలికన్నా నాలుగు రెట్లు బరువు కదా, షాపులో వదిలితే నేల మీదే కూర్చుంటుంది కదా, పైకి ఎలా వెళ్తుంది అని. మూసిన గదిలో వదిలితే కాసేపు కిందే ఉంటుంది, నిజమే. బయటికి వచ్చాక గాలులు దాన్ని కలిపేస్తాయి, గిన్నెలో చక్కెర అడుగున పడినా గరిటెతో తిప్పుతూ ఉంటే కరిగి అంతటా కలిసిపోయినట్టు. కొన్నేళ్ళలో అది మేఘాలు దాటి స్ట్రాటో ఆవరణంలోకి చేరుతుంది. ఇంకో విషయం, కింది గాలి ఆ పై అంతస్తులోకి ఎక్కువగా ఎక్కేది ఉష్ణమండలంలోనే, అంటే మన వైపే. అక్కడినుంచి నెమ్మదిగా రెండు ధ్రువాల వైపు జరిగి అక్కడ కిందికి దిగుతుంది. దీనికి ఏళ్ళు పడుతుంది. ఎక్కే మెట్లు మన వైపు, దిగే మెట్లు ధ్రువాల దగ్గర. మా అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది, కానీ సగమే.

పైకి వెళ్ళిన గ్యాస్‌ని అక్కడి గట్టి అతినీలలోహిత కిరణాలు విరుస్తాయి. మంట చేసిన పనే ఎండ చేస్తుంది, క్లోరిన్ బయటపడుతుంది. మరైతే వెంటనే ఓజోన్ అంతా పోవాలి కదా? పోదు. బయటపడ్డ క్లోరిన్‌లో ఎక్కువ భాగం కాసేపటికే రెండు రకాల సరుకుగా మారి ఊరుకుంటుంది, ఒకటి హైడ్రోజన్ క్లోరైడ్, ఇంకోటి క్లోరిన్ నైట్రేట్. ఈ రెండూ ఓజోన్ జోలికి పోవు. ఒకదాని పక్కన ఒకటి గాలిలో నెలల తరబడి తిరిగినా వాటిలో అవి కలవవు. మన నెత్తిమీద చిల్లు పడకపోవడానికి కారణం ఇదే. క్లోరిన్ ఉంది, కట్టేసి ఉంది. ఆ కట్లు విప్పేవి యాసిడ్ పలుకులు.

అవి ఎలా పుడతాయో కాస్త నిదానంగా చెప్తాను, మీరు వదిలేసింది దీన్నే. అంటార్కిటికాలో చలికాలం అంటే మనకి జూన్, జూలై, ఆగస్టు. నెలల తరబడి సూర్యుడే రాడు. ఖండం చుట్టూ సముద్రం, పైన గాలులు సుడిలా గుండ్రంగా తిరుగుతూ గోడ కట్టేస్తాయి, బయటి వెచ్చని గాలి లోపలికి రాదు. లోపలి గాలి చల్లబడుతూనే ఉంటుంది. 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తులో సున్నాకి 80 డిగ్రీలు కింద, కొన్నిసార్లు 90. ఇంటి ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్ సున్నాకి 18 డిగ్రీల కిందికి వెళ్తే మేము పని బాగా జరిగిందని బిల్లు రాస్తాం, దాన్నిబట్టి ఆ చలి ఊహించుకోండి.

ఆ ఎత్తులో గాలి చాలా పొడి. పది లక్షల వంతుల్లో నీటి ఆవిరి ఐదు వంతులు. నైట్రిక్ యాసిడ్ ఆవిరి అంతకన్నా తక్కువ, వంద కోట్ల వంతుల్లో పది. ఇంత తక్కువ దానితో ఏమవుతుంది అని మా షాపు కుర్రాడు అన్నాడు, వాడికి మా పని లోంచే జవాబు చెప్పాను. ఫ్రిజ్ సిస్టంలో పిసరంత తేమ ఉండిపోతే చాలు, కేపిలరీ అనే సన్న గొట్టం కొసన అది మంచై కూర్చుని మొత్తం చోక్ అయిపోతుంది, ఫిల్టరు మార్చి వాక్యూమ్ సరిగ్గా పట్టకపోతే మళ్ళీ అదే ఫ్రిజ్ వారానికి వెనక్కి వస్తుంది. సరైన చోట సరైన చలి ఉంటే కాస్త సరుకే చాలు.

అసలు ఆ నైట్రిక్ యాసిడ్ అక్కడికి ఎలా వచ్చిందంటే, నేలలోంచి, సముద్రంలోంచి, మనం యూరియా చల్లిన పొలాల్లోంచి కూడా నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పైకి పోతుంది, పైన అది మార్పులు చెంది చివరికి నైట్రిక్ యాసిడ్ అవుతుంది. మహేంద్రతనయ పక్కన వరి పొలాలు చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఇది గుర్తొస్తోంది. దీనితోపాటు అక్కడ ఎప్పుడూ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు ఉంటాయి, మైక్రాన్‌లో పదో వంతు ఉండేవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అగ్నిపర్వతాల పొగ నుంచి, సముద్రాల నుంచి వచ్చే గంధకపు వాయువుల నుంచి అవి తయారవుతాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో పేలినప్పుడు ఆ చుక్కలు భూమి చుట్టూ విపరీతంగా పెరిగాయి.

చలి పెరిగేకొద్దీ ఈ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు చుట్టూ ఉన్న నైట్రిక్ యాసిడ్‌నీ నీటి ఆవిరినీ పీల్చుకుని ఉబ్బుతాయి. సున్నాకి 78 డిగ్రీల కిందికి వెళ్ళాక గడ్డకట్టే వీలు వస్తుంది. అలా గడ్డకట్టిన పలుకులో ఒక్కో నైట్రిక్ యాసిడ్ అణువుకి మూడేసి నీటి అణువులు చేరి వరసగా సర్దుకుంటాయి, నైట్రిక్ యాసిడ్ ట్రైహైడ్రేట్ అని దాని పేరు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఇంకో ఏడెనిమిది డిగ్రీలు చల్లబడితే గానీ అక్కడ ఉత్త నీటి మంచు కట్టదు. అంటే నీళ్ళకన్నా ముందు యాసిడ్ పలుకు కడుతుంది.

అయితే వీలు వచ్చింది కదా అని వెంటనే గడ్డకట్టదు. ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ తర్వాత మా షాపులోనే ఉందని గుర్తొచ్చింది. ఫ్రీజర్‌లో కదపకుండా పెట్టిన వాటర్ బాటిల్ ఒక్కోసారి తీస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, సున్నా కన్నా కిందే ఉన్నా సరే. బల్ల మీద టక్కున కొడితే పైనుంచి కిందికి తెల్లని తీగలు పాకుతూ వచ్చి మూడు నాలుగు సెకన్లలో బాటిలంతా గుజ్జు మంచు అయిపోతుంది. కస్టమర్లు ఇది చూపించి ఫ్రిజ్‌లో ఏదో తేడా ఉందని తెస్తారు. తేడా ఏమీ లేదు, గడ్డకట్టడానికి నీళ్ళకి ఒక మొదలు కావాలి, ఒక నలుసో, ఒక దెబ్బో, ముందే ఉన్న మంచు ముక్కో. ఆకాశంలో యాసిడ్ చుక్కలదీ ఇదే పరిస్థితి. చాలా చుక్కలు గడ్డకట్టకుండా ద్రవంగానే ఉబ్బి ఉండిపోతాయి. కొన్నిటికి మొదలు దొరుకుతుంది. గాలి కొండల మీదుగా ఎగిసి ఒక్కసారిగా చల్లబడినచోట ముందు నీటి మంచు కడుతుంది, దాని మీద యాసిడ్ పలుకు పెరుగుతుంది. అంటార్కిటికా ద్వీపకల్పం మీద కొండలు ఈ పని బాగా చేస్తాయి. ఉల్కలు కాలిపోయాక మిగిలే ధూళి కూడా మొదలుగా పనికొస్తుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు.

మొదలు దొరికిన కొద్ది పలుకులూ చుట్టూ ఉన్న యాసిడ్ అంతా తామే లాక్కుని పెరుగుతాయి. 2000 జనవరిలో ఉత్తర ధ్రువం వైపు స్వీడన్‌లోని కిరునా నుంచి ఎగిరిన విమానం ఇలాంటి పెద్ద పలుకుల్ని పట్టుకుంది. 10 నుంచి 20 మైక్రాన్ల మందం, తల వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో. శాస్త్రజ్ఞులు వాటిని రాళ్ళు అన్నారు, మిగతా చుక్కలతో పోలిస్తే అవి రాళ్ళే. ఎంత అరుదంటే, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ నిండా అక్కడి గాలి పడితే అందులో ఒకటో రెండో ఉంటాయి. కానీ బరువుకి అవి రోజుల తరబడి కిందికి రాలుతూ, తమతో పాటు నైట్రిక్ యాసిడ్‌ని మోసుకుపోతాయి. ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను.

ఇందాక క్లోరిన్ రెండు రూపాల్లో కట్టేసి ఉందన్నాను కదా. గాలిలో కలవని ఆ రెండూ ఈ పలుకుల మీద, ఉబ్బిన చుక్కల మీద కలుస్తాయి. హైడ్రోజన్ క్లోరైడ్ ముందు ఆ పలుకుకి అంటుకుని ఉంటుంది, క్లోరిన్ నైట్రేట్ వచ్చి దానికి తగులుతుంది, రెండూ మారిపోయి క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది, నైట్రిక్ యాసిడ్ పలుకులోనే ఉండిపోతుంది. చలికాలమంతా చీకట్లో ఈ పని జరుగుతూనే ఉంటుంది. ఆగస్టు చివర్లో ఎండ పడగానే ఆ క్లోరిన్ విడిపోయి ఓజోన్ మీద పడుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు తాను ఖర్చవకుండా ఒకదాని తర్వాత ఒకటిగా వేల ఓజోన్ అణువుల్ని చెడగొడుతుంది. మామూలుగా అయితే నైట్రోజన్ వాయువులు వచ్చి క్లోరిన్‌ని మళ్ళీ కట్టేసేవి. కానీ ఆ నైట్రోజన్ అంతా పలుకుల్లో చిక్కుకుని కిందికి రాలిపోయింది కదా. కట్లు విప్పేదీ అదే పలుకు, మళ్ళీ కట్టే తాడుని తీసుకుపోయేదీ అదే పలుకు. అక్టోబరు వచ్చేసరికి 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు ఖాళీ. బాగా పెద్దదైన ఏడాదిలో ఆ ఖాళీ విస్తీర్ణం 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే మన దేశం లాంటివి ఆరు పరిచినా నిండదు.

ఇదంతా విన్నాక మా అమ్మాయి ఊరుకోలేదు. మన నెత్తిమీద కూడా 17 కిలోమీటర్ల ఎత్తులో సున్నాకి 80 డిగ్రీలు కిందే ఉంటుందట కదా, మరి ఇక్కడెందుకు పడదు అని అడిగింది. మంచి ప్రశ్న. మన పైన ఆ ఎత్తులో ఉన్న గాలి అప్పుడే కిందినుంచి ఎక్కింది. అందులో ఆర్-12 ఇంకా విరగలేదు, విడి క్లోరిన్ లేదు, నైట్రిక్ యాసిడ్ కూడా స్వల్పమే. ఇంకా పైకి పోయి ఎండకి విరిగేసరికి చుట్టూ వెచ్చబడిపోతుంది. విరిగిన క్లోరిన్, యాసిడ్, చలి, ఆ తర్వాత ఎండ, ఈ నాలుగూ ఒకేచోట వరసగా దొరికేది అంటార్కిటికా మీదే. ఉత్తర ధ్రువంలో చుట్టూ కొండలూ నేలా ఉండి గాలిని కుదిపేస్తాయి, అంత చలి అన్నాళ్ళు నిలవదు, 2011, 2020 లాంటి కొన్ని ఏళ్ళలో మాత్రం నిలిచింది, అప్పుడు అక్కడా ఓజోన్ బాగా పోయింది.

శాస్త్రజ్ఞులకి కూడా ఇది ముందే తెలిసింది కాదు. 1974లో మోలినా, రోలండ్ ఈ గ్యాస్‌ల వల్ల ఓజోన్ పోతుందని చెప్పారు, అయితే వాళ్ళ లెక్క ప్రకారం తగ్గేది బాగా ఎత్తున, నెమ్మదిగా. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అంటార్కిటికాలో హాలీ బే నుంచి ఏళ్ళ తరబడి తీసిన కొలతలు బయటపెట్టి, అక్టోబరు ఓజోన్ దాదాపు మూడో వంతు తగ్గిందని చూపించారు. అంత త్వరగా, ఆ చోట ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ధ్రువాల మీద ఆ ఎత్తులో మబ్బులు ఉన్నాయని ఉపగ్రహాలు అప్పటికే చూపించాయి, వాటికీ దీనికీ ముడి ఉంటుందని మాత్రం అనుకోలేదు. 1986లో సూసన్ సాలమన్, ఆమెతో పనిచేసినవాళ్ళు ఆ మబ్బు నలుసుల మీదే క్లోరిన్ విడుదల అవుతోందని చెప్పారు. అదే ఏడాది క్రుట్జెన్, ఆర్నాల్డ్ ఒకవైపు, టూన్, ఆయనతో పాటు ఇంకొందరు మరోవైపు, ఆ నలుసుల్లో ఉన్నది నైట్రిక్ యాసిడ్ అని చెప్పారు. సాలమన్ చలికాలంలోనే అంటార్కిటికా వెళ్ళి కొలతలు తీశారు. 1987లో చిలీలోని పుంటా అరీనాస్ నుంచి ఒక విమానం ఆ సుడి లోపలికే ఎగిరింది, క్లోరిన్ ఓజోన్‌ని చెడగొట్టేటప్పుడు పుట్టే క్లోరిన్ మోనాక్సైడ్ గీత పైకి లేచినచోట ఓజోన్ గీత పడిపోయింది, గ్రాఫులో రెండూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. ఆ పేరుపడ్డ గ్రాఫు తీసిన రోజు సెప్టెంబరు 16. ఈ గ్యాస్‌లని తగ్గించాలని మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం మీద సంతకాలు పెట్టిందీ అదే రోజు. మీరు ప్రతి ఏడాదీ వ్యాసం వేసే రోజు వెనక ఇంత ఉంది సార్, అది చెప్తే పిల్లలకి ఒళ్ళు పులకరిస్తుంది.

మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. ఆర్-12 లాంటి గ్యాస్‌ల తయారీని గడువుకన్నా ముందే, 2008లో, ఉబ్బసం ఇన్‌హేలర్లకి తప్ప ఆపేసింది. అంటార్కిటికాలో మన దేశపు పరిశోధనా కేంద్రం మైత్రి దగ్గర మనవాళ్ళే బెలూన్లు ఎగరేసి ఓజోన్ కొలుస్తారు. చిల్లు నెమ్మదిగా పూడుతోంది, అంటార్కిటికా మీద 1980 నాటి స్థాయికి 2066 ప్రాంతంలో చేరుతుందని ప్రపంచ వాతావరణ సంస్థ వాళ్ళ అంచనా. అప్పటికి మా అమ్మాయికి యాభై దాటుతాయి.

ఇక నేను అడుగుతున్నది. మొదటిది, ఈ మధ్య ముక్కతో సహా పూర్తి కథని తెలుగులో, మా అమ్మాయి చదివి అర్థం చేసుకునే తెలుగులో, ఒక ఆదివారం వెయ్యండి. చిల్లు బొమ్మ పక్కన యాసిడ్ పలుకు బొమ్మ కూడా వెయ్యండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఆయన పోరాడింది ఇక్కడినుంచే. ఆ ఊళ్ళో ఒక తొమ్మిదో తరగతి పిల్ల తెలుగులో సైన్సు ప్రశ్న అడిగితే జవాబు తెలుగులో దొరక్క తండ్రి మాస్టారి ఇంటి చుట్టూ తిరగాల్సి రావడం నాకు బాధగా ఉంది. సరిహద్దుకి ఇవతల ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం పిల్లలకి బడిలో తెలుగు అందడమే కష్టం, తెలుగులో సైన్సు ఇంకా కష్టం. మీ పేపరు ఒక్కటే మాకున్న దారి.

రెండోది మా పని వాళ్ళ కోసం. ఆర్-12 పోయినా ఆర్-22 ఏసీలు ఊళ్ళల్లో ఇంకా చాలా నడుస్తున్నాయి, దాంట్లోనూ క్లోరిన్ ఉంది, ఆర్-12 కన్నా తక్కువ హాని అయినా ఉంది. ఇల్లు మారేటప్పుడు స్ప్లిట్ ఏసీ విప్పాలంటే పంప్ డౌన్ చెయ్యాలి. ఏసీ నడుస్తుండగా సన్న పైపు వాల్వు అలెన్ కీతో మూసి, గేజి ముల్లు సున్నా దగ్గరికి వచ్చేవరకు ఆగి, లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఆఫ్ చేస్తే గ్యాస్ అంతా బయటి యూనిట్‌లోనే ఉండిపోతుంది. కొద్ది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, కొత్త చోట బిగించాక కస్టమర్‌కి గ్యాస్ డబ్బులూ మిగులుతాయి. కానీ తొందరలో నట్టు విప్పి గాలిలోకి వదిలేసే కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, నాకు ఎవరూ చెప్పనట్టే వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. నేను పనిచేసిన షాపుల్లో ఇన్నేళ్ళలో ఈ విషయం మీద తెలుగులో ఉన్న కాగితం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. కొత్త గ్యాస్‌లలో క్లోరిన్ లేకపోయినా ఆర్-134ఎ, ఆర్-32 భూమిని వేడెక్కిస్తాయి, వాటినీ ఊరికే వదలకూడదు. పాడైపోయిన యూనిట్ నుంచి గ్యాస్ తిరిగి సిలిండర్‌లోకి తీసే మెషిన్ ధర చిన్న షాపువాడికి మోయలేని భారం, ఒక ఊళ్ళో నలుగురైదుగురు కలిసి వాడుకునేలా ఏదైనా ఏర్పాటు ఉంటే బాగుంటుంది, ఈ మాట సంబంధించిన అధికారుల చెవిన పడేలా మీరు రాయగలరు, నేను రాస్తే ఎవరు చదువుతారు.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగలోని కార్బన్ డయాక్సైడ్ కింద మనకి వేడి పెంచుతుంది, పైన స్ట్రాటో ఆవరణంలో మాత్రం చలి పెంచుతుంది. చలి పెరిగితే యాసిడ్ పలుకులు కట్టడానికి ఇంకా అనువు. ఉత్తర ధ్రువంలో దీని గురించి శాస్త్రజ్ఞులు గట్టిగానే ఆలోచిస్తున్నారు, అక్కడ చుట్టుపక్కల మనుషులు ఉన్నారు. గాలిలో పాత క్లోరిన్ ఇంకా మిగిలి ఉన్నన్నాళ్ళు ఈ రెండు సంగతులనీ కలిపే చెప్పాలి, విడివిడిగా చెప్తే జనానికి అర్థం కాదు.

మీరు ఆ వ్యాసం వేసిన రోజు నాలుగు కాపీలు ఎక్కువ కొంటాను. ఒకటి మా అమ్మాయికి, ఒకటి మాస్టారికి, ఒకటి బరంపురంలో మా మేస్త్రీ గారికి. ఆయన ఇప్పుడు పని మానేశారు, చూపు తగ్గింది, నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను, ఆ పచ్చ మంట ఏమిటో ఆయనకీ తెలియాలి. నాలుగోది షాపులో గ్యాస్ సిలిండర్లు పెట్టే గోడకి అతికిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫ్రిజ్ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా